నాలుగు లైన్ల ఫంక్షన్, నాలుగు అర్థాలు: ఒక స్టాండర్డ్ లైబ్రరీ కేస్ స్టడీ

నేపథ్యం

స్టాటిక్ టైపులున్న (విలువల రకాలు నడవకముందే తేలే) ఒక జనరల్ పర్పస్ ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్. 1.0 దాటి చాలాకాలమైంది. దాంతోపాటే వచ్చే స్టాండర్డ్ లైబ్రరీని, అంటే రెడీమేడ్ ఫంక్షన్ల కట్టని, చూసుకునేది చిన్న బృందం. లాంగ్వేజ్ ఏదో, బృందం ఎవరో తెలిసిపోయే వివరాలు తీసేశాను. ఈ కేసుకి కావలసినవి రెండే విషయాలు.

ఒకటి, 1.x లో రాసిన కోడ్ తర్వాతి 1.x వర్షన్లన్నిటిలోనూ ముట్టుకోకుండా కంపైల్ అవుతుంది, అలాగే నడుస్తుంది అని వాళ్లు రాతపూర్వకంగా మాటిచ్చారు. 2012లో గో లాంగ్వేజ్ తన 1 వర్షన్‌తో ఇచ్చిన మాట లాంటిదే. రెండు, ఈ లాంగ్వేజ్‌లో ఎక్స్‌టెన్షన్ మెథడ్స్ ఉన్నాయి. లిస్ట్ టైపుకి ఎవరి ప్యాకేజీలో వాళ్లు బయటి నుంచే మెథడ్ (ఆ టైపు మీద పిలిచే ఫంక్షన్) తగిలించుకోవచ్చు. అదే పేరుతో టైపులోనే అసలు మెథడ్ ఉంటే మాత్రం ఎప్పుడూ అసలుదే గెలుస్తుంది. ఈ రెండో విషయం కేసు మధ్యలో పెద్ద దెబ్బే కొట్టింది.

బయటి ప్యాకేజీలో తప్పు ఫంక్షన్ పడితే మేజర్ వర్షన్ మార్చి దులిపేసుకోవచ్చు. స్టాండర్డ్ లైబ్రరీలో పడితే దాంతోనే కాపురం. పైథాన్‌లో పెద్దగా వాడకంలో లేని 19 మాడ్యూళ్లను తీసేయాలని పెప్ 594 అనే మార్పు ప్రతిపాదన మొదలైంది 2019లో. అవి నిజంగా పోయింది 2024లో వచ్చిన 3.13 వర్షన్‌తో.

సమస్య

ఒకే ప్రపోజల్‌లో ఏడు ఫంక్షన్లు వచ్చాయి: లిస్టుని సమాన ముక్కలు చేసే చంక్, స్ట్రింగ్ (అక్షరాల వరుస) మొదట్లోని భాగాన్ని తీసేసే రిమూవ్ ప్రిఫిక్స్, విలువని రెండు హద్దుల మధ్య ఆపే క్లాంప్, ఒకే కీ ఉన్నవాటిని ఒకచోట చేర్చే గ్రూప్ బై, లిస్టులో మొదటిది లేదా డిఫాల్ట్ ఇచ్చే ఫస్ట్ ఆర్, స్ట్రింగ్‌లో ఖాళీలు తప్ప ఏమీ లేవా అని చెప్పే ఈజ్ బ్లాంక్, మ్యాప్‌లో (కీ, విలువల జతల పట్టికలో) కీలనీ విలువలనీ తారుమారు చేసే ఇన్వర్ట్.

ప్రపోజల్ పెట్టినవాళ్ల వాదన: ప్రతి ప్రాజెక్టులోనూ చిల్లర ఫంక్షన్లు పడేసే ఒక యుటిల్స్ ఫైల్ ఉంది, దాన్నిండా ఇవే ఉన్నాయి. కాదన్నవాళ్ల వాదన: ఒక్కోటీ రెండు మూడు లైన్లు, రాసుకోలేరా? రెండూ నిజాలే. అందుకే వాదన తెగలేదు. 2016 మార్చిలో జావాస్క్రిప్ట్ ప్యాకేజీల గోదామైన ఎన్‌పీఎం నుంచి లెఫ్ట్‌ప్యాడ్ (స్ట్రింగ్‌కి ఎడమవైపు నింపేది) అనే 11 లైన్ల ప్యాకేజీని తీసేస్తే ఎక్కడెక్కడి బిల్డులూ ఆగిపోయిన సంగతిని ఇరువైపులవాళ్లూ ఎత్తారు. ఒకరు "చూశారా, లైబ్రరీలోనే ఉండాల్సింది" అన్నారు, ఇంకొకరు "చూశారా, సొంతంగా రాసుకోవాల్సింది" అన్నారు. జావాస్క్రిప్ట్‌లోకి అదే పని చేసే ప్యాడ్‌స్టార్ట్ ఈఎస్2017 అనే భాషా ప్రమాణంతో వచ్చింది. ఇరుపక్షాలకీ సరిపోయే సాక్ష్యం ఏ పక్షానికీ పనికిరాదు.

మొదటి కొలత: లైన్ల లెక్క

బృందం ముందు ఒక గీత గీసింది: ఐదు లైన్లలోపు రాయగలిగినది లైబ్రరీలోకి రాదు. తేలిక రూలు, వాదనలకు తావుండదు అనుకున్నారు. క్లాంప్ దగ్గరే అది చెదిరిపోయింది.

క్లాంప్ ఒక్క లైను. కానీ ఆ లైనుని రెండు రకాలుగా రాస్తారు. కింది హద్దుతో మ్యాక్స్ (రెండిటిలో పెద్దది) తీసి, దాన్ని పై హద్దుతో మిన్ (రెండిటిలో చిన్నది) చేయడం ఒకటి. ముందు మిన్, తర్వాత మ్యాక్స్ ఇంకొకటి. హద్దులు సరిగ్గా ఉన్నంతకాలం రెండూ ఒకటే. హద్దులు తారుమారైతే, అంటే కింది హద్దు 10, పై హద్దు 5 అని పొరపాటున వస్తే, 7కి మొదటి రాత 5 ఇస్తుంది, రెండోది 10 ఇస్తుంది. రెండూ ఏ లోపమూ చెప్పవు. ఒకే ప్రాజెక్టులో రెండు రాతలూ ఉంటే ఒకే తప్పు ఇన్‌పుట్‌కి స్క్రీన్ మీద ఒక అంకె, రిపోర్టులో ఇంకో అంకె.

రిమూవ్ ప్రిఫిక్స్ కూడా అంతే. లైబ్రరీలో అది లేకపోతే జనం చేతికందిన ట్రిమ్ లెఫ్ట్ వాడతారు. ట్రిమ్ లెఫ్ట్ తీసుకునేది ప్రిఫిక్స్ కాదు, అక్షరాల గుంపు. "కమల_కలం" అనే ఫైల్ పేరులోంచి "కమల_" తీసేయమంటే క, మ, ల, అండర్‌స్కోర్ అనే నాలుగింటిలో ఏది తగిలినా తీసేసుకుంటూ పోతుంది. కమల పోతుంది, అండర్‌స్కోర్ పోతుంది, తర్వాత కలంలోని క, ల కూడా పోతాయి. చివరికి మిగిలేది ఒంటరి సున్న, "ం". తీయాల్సిన భాగం తర్వాత వేరే అక్షరంతో మొదలయ్యే పేర్లన్నిటికీ మాత్రం సరిగ్గా పనిచేస్తుంది కాబట్టి టెస్టులు పాసవుతాయి. పైథాన్ 2020లో 3.9తో రిమూవ్‌ప్రిఫిక్స్ తెచ్చింది ఈ ఉచ్చు వల్లే.

లైన్ల లెక్క కొలిచేది టైపింగ్ శ్రమని. ఆ లైనులో రాసినవాడికే తెలియని నిర్ణయం ఎంత దాగుందో అది చెప్పదు. రూలు పక్కన పెట్టేశారు.

రెండో కొలత: ఎంతమంది అడుగుతున్నారు

పబ్లిక్ ప్యాకేజీల్లో చంక్ అనే పేరు వెతికారు. కుప్పలుగా దొరికింది. ఇంకేం, పెట్టేద్దాం అనుకున్నారు. ఎవరో ఒకరు ఆ ఫంక్షన్లను తెరిచి చదివాక తెలిసింది: పేరొకటే గానీ చేసే పని ఒకటి కాదు. ఏడు వస్తువులని మూడేసి ముక్కలు చేస్తే మిగిలే ఒక్కదాన్ని ఏం చేయాలి?

దీనికి లోకంలో నాలుగు జవాబులున్నాయి. పొట్టి ముక్కగా ఉంచేయడం: రూబీ ఈచ్_స్లైస్, పైథాన్ బ్యాచ్డ్ చేసేది ఇదే. పారేయడం: క్లోజర్ లాంగ్వేజ్‌లో పార్టిషన్ ఇలా చేస్తుంది, ఉంచాలంటే పార్టిషన్-ఆల్ వాడాలి. ఖాళీతో నింపడం: రూబీ మీద కట్టిన రెయిల్స్‌లోని ఇన్_గ్రూప్స్_ఆఫ్ నిల్‌తో (ఏమీ లేదనే విలువతో) నింపుతుంది. ఎర్రర్ ఇవ్వడం: పైథాన్ 3.13లో బ్యాచ్డ్‌కి స్ట్రిక్ట్ ఆన్ చేస్తే ఇదే. ఎలిక్సిర్‌లో పాత చంక్ మిగిలినదాన్ని చప్పుడు చేయకుండా పారేసేది. 2017లో 1.5 వర్షన్ చంక్_ఎవ్రీ అనే కొత్త పేరుతో, ఉంచేయడమే డిఫాల్ట్‌గా తెచ్చింది. పాతది తర్వాత డెప్రికేట్ అయింది, అంటే ఇక వాడొద్దని గుర్తు పెట్టారు.

అంటే కుప్పలుగా దొరికినవి ఒక ఫంక్షన్ కోసం వేసిన ఓట్లు కావు, ఒకే గుర్తు మీద పోటీచేస్తున్న నలుగురు అభ్యర్థులకు పడ్డ ఓట్లు.

మూడో ప్రయత్నం: డాక్యుమెంటేషన్‌లో రెసిపీ

లైబ్రరీలో పెట్టకుండా, డాక్యుమెంటేషన్‌లో "ఇలా రాసుకోండి" అని చంక్‌కి నాలుగు లైన్ల కోడ్ ఇచ్చారు. పైథాన్ ఇటర్‌టూల్స్ పేజీలో గ్రూపర్ రెసిపీ ఏళ్ల తరబడి అలాగే ఉండేది, బ్యాచ్డ్ వచ్చింది 2023లో 3.12తో. ఇది మధ్యేమార్గంగా కనిపించినా, ఫలితం అన్నిటికన్నా ఘోరంగా వచ్చింది.

రెసిపీలో ఐ అనే వేరియబుల్ సున్నాతో మొదలై, లిస్ట్ పొడవు దాకా, ప్రతిసారీ సైజ్ మేర పెరుగుతుంది. సైజ్ సున్నా అయితే ఐ కదలదు. లూప్ ఆగదు, తిరిగిన ప్రతిసారీ ఒక ఖాళీ ముక్కని ఫలితానికి చేరుస్తుంది, మెమరీ నిండి ప్రాసెస్ చచ్చిపోతుంది. సున్నా ఎవరిస్తారు అనుకోకండి. కాన్ఫిగ్ ఫైల్‌లో బ్యాచ్ సైజ్ ఖాళీగా వదిలేస్తే అది సున్నాగా చదివే లైబ్రరీలు కొల్లలు.

ఇంకోటి ఇంకాస్త లోతుగా ఉంది. ముక్కల సంఖ్య ముందే లెక్కకట్టి చోటు కేటాయించే ఇంకో రూపంలో రెసిపీ "పొడవు ప్లస్ సైజ్ మైనస్ ఒకటి, బై సైజ్" అని వాడింది. "ముక్కలే వద్దు, అంతా ఒకేసారి" అనుకునేవాళ్లు సైజుగా పూర్ణాంకాల్లో అన్నిటికన్నా పెద్దది ఇస్తారు. లిస్టులో రెండు వస్తువులున్నా చాలు, ఆ కూడిక హద్దు దాటి నెగెటివ్ అవుతుంది, చోటు కేటాయించే దగ్గర క్రాష్. ఖాళీ లిస్టుని ముందే వేరు చేసి, "ఒకటి ప్లస్, పొడవు మైనస్ ఒకటి బై సైజ్" అని రాస్తే పోతుంది.

రెండిటినీ డాక్యుమెంటేషన్‌లో సరిచేశారు. అప్పటికే కాపీ చేసుకున్నవాళ్లకు ఆ దిద్దుబాటు ఎలా చేరుతుంది? చేరదు. పైగా "అధికారిక డాక్యుమెంటేషన్ నుంచి తీసుకున్నది" అన్న కామెంట్ పైన ఉంటుంది కాబట్టి కోడ్ రివ్యూలో దాన్ని ఎవరూ మళ్లీ చదవరు. నా లెక్కలో, ఎడ్జ్ కేసులున్న (సున్నా, ఖాళీ లాంటి అంచు ఇన్‌పుట్‌లకి తేడా కొట్టే) ఫంక్షన్‌ని రెసిపీగా ఇవ్వడం కన్నా అసలు ఇవ్వకపోవడం మేలు.

నాలుగో ప్రయత్నం: బీటాలో మెథడ్‌గా

రెసిపీ బెడిసికొట్టాక విసుగొచ్చి, చంక్‌ని లిస్ట్ టైపుకి అసలు మెథడ్‌గా బీటా వర్షన్‌లో పెట్టేశారు. మిగిలినది పొట్టి ముక్కగా ఉంచే పద్ధతి. ఇక్కడే నేపథ్యంలో చెప్పిన రెండో విషయం అడ్డం తిరిగింది. బాగా వాడకంలో ఉన్న ఒక ప్యాకేజీ అప్పటికే అదే పేరుతో, అవే పారామీటర్లతో ఎక్స్‌టెన్షన్ మెథడ్ ఇస్తోంది. అది మిగిలినదాన్ని పారేసే రకం. బీటాతో కంపైల్ చేస్తే ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు. పిలుపు మాత్రం కొత్త మెథడ్‌కి వెళ్లింది. ప్రతి ముక్కలోనూ కచ్చితంగా మూడు ఉంటాయని నమ్మి మూడో వస్తువుని తీసుకునే కోడ్, చివరి పొట్టి ముక్క దగ్గర పడిపోయింది. పడిపోయిన చోట నయం, సగటులు తీసే చోట అంకెలు నిశ్శబ్దంగా మారాయి.

ఇది ఈ బృందానికొచ్చిన వింత కష్టమేమీ కాదు. 2018లో జావాస్క్రిప్ట్ అర్రేకి ఫ్లాటెన్ అనే పేరు పెట్టబోతే పాత మూటూల్స్ లైబ్రరీ వాడే సైట్లు విరిగే ప్రమాదం కనబడి, చివరికి ఫ్లాట్ అని పెట్టారు. పాపులర్ టైపు మీద చక్కని పొట్టి పేరు ఖాళీగా ఉందంటే, అది లైబ్రరీలో మాత్రమే ఖాళీ.

అదే బీటాలో ఇంకో లోపం కూడా బయటపడింది. వేగం కోసం ముక్కలు కాపీ కాకుండా, అసలు లిస్ట్ మెమరీ మీదే వ్యూలుగా ఇచ్చారు. 1 నుంచి 6 దాకా ఉన్న లిస్టుని మూడేసి చేశారనుకోండి. మొదటి ముక్క 1, 2, 3. దాని చివర 99 చేరిస్తే, ముక్కకి తన పొడవు దాటి వెనకాల చోటు ఉన్నట్టు కనిపిస్తోంది కాబట్టి అక్కడే రాసేసింది. ఆ చోటు రెండో ముక్కది. రెండో ముక్క 99, 5, 6 అయిపోయింది. గో 1.23లోని స్లైసెస్ చంక్ దీన్ని ముందే ఊహించి, ప్రతి ముక్క కెపాసిటీని (అది వాడుకోగల చోటుని) దాని పొడవుకే కత్తిరిస్తుంది. అప్పుడు చేర్పు కొత్త మెమరీలోకి వెళ్తుంది. బీటాని వెనక్కి తీసుకున్నారు.

పనిచేసిన పద్ధతి

వాదనలు ఆపి కాల్ సైట్లు, అంటే ఫంక్షన్‌ని నిజంగా పిలిచే చోట్లు, చదవడం మొదలుపెట్టారు. ఒక్కో ఫంక్షన్‌కి వేర్వేరు ప్యాకేజీల నుంచి నలభై దాకా కాల్ సైట్లు తీశారు. ఇద్దరు మనుషులు, ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా, ప్రతి కాల్ సైట్‌కీ ఒక వరుస నింపారు: ఇన్‌పుట్ ఖాళీ అయితే ఇక్కడ ఏం జరగాలి, మిగులు ఉంటే ఏం జరగాలి, అర్థంలేని పారామీటర్ వస్తే ఏం జరగాలి, ఇప్పుడున్న కోడ్ నిజంగా ఏం చేస్తోంది. తర్వాత రెండు పట్టికలనీ పక్కపక్కన పెట్టారు.

చదవాల్సింది రెండు తేడాలని. "జరగాలి"కి, "జరుగుతోంది"కి మధ్య తేడా ఎక్కువుంటే జనం ఆ ఫంక్షన్‌ని తప్పుగా రాసుకుంటున్నారు, లైబ్రరీ ఆదుకోవాలి. ఇద్దరి "జరగాలి"ల మధ్యే తేడా ఎక్కువుంటే దానికి ఒకే అర్థం లేదు, లైబ్రరీ దూరంగా ఉండాలి. మొదటి తేడా ఎక్కువ, రెండోది తక్కువ ఉన్నవే లోపలికి రావాలి. ఇది మొత్తం ఏడు ఫంక్షన్లనీ వాదన లేకుండానే విడదీసింది.

క్లాంప్ లోపలికి వచ్చింది. హద్దులు తారుమారైతే పానిక్ (ప్రోగ్రాం ఎర్రర్‌తో అక్కడే ఆగిపోవడం), ఏదైనా హద్దు నాట్ ఎ నంబర్ (అంకె కాని ప్రత్యేక విలువ) అయితే పానిక్, విలువే నాట్ ఎ నంబర్ అయితే అదే తిరిగొస్తుంది. రస్ట్ లాంగ్వేజ్‌లో ఫ్లోట్ల (దశాంశ సంఖ్యల) క్లాంప్ చేసేదీ ఇదే. జావా 21లోని మ్యాథ్ క్లాంప్ కూడా తారుమారు హద్దులకి ఎక్సెప్షన్ (ఎర్రర్) విసురుతుంది.

రిమూవ్ ప్రిఫిక్స్ వచ్చింది గానీ, ప్రిఫిక్స్ లేకపోతే ఏమివ్వాలన్న దగ్గర ఆగింది. పైథాన్ స్ట్రింగ్‌ని ఉన్నదున్నట్టు ఇస్తుంది. రస్ట్ స్ట్రిప్_ప్రిఫిక్స్ ఆప్షన్ (విలువ ఉందో లేదో కూడా చెప్పే టైపు) ఇస్తుంది. బృందం రెండోది ఎంచుకుంది. కారణం సూటిగా ఉంది: ఆప్షన్ ఇస్తే, కావాలన్నవాళ్లు "లేకపోతే పాతదే" అని తగిలించుకోగలరు. ఉన్నదున్నట్టు ఇస్తే, ప్రిఫిక్స్ ఉందో లేదో కావాలన్నవాళ్లు రెండోసారి వెతుక్కోవాలి. తక్కువ సమాచారంలోంచి ఎక్కువ రాబట్టలేం.

చంక్‌లో ఇద్దరి పట్టికలూ ముప్పాతిక పైగా కలిశాయి. చాలామంది చేస్తున్నది డేటాబేస్‌కో నెట్‌వర్క్‌కో విడతలుగా పంపడం. అక్కడ మిగిలినదాన్ని పారేస్తే డేటా పోయినట్టే. కాబట్టి పొట్టి ముక్కగా ఉంచుతారు. సైజ్ ఒకటికన్నా తక్కువైతే పానిక్, మెసేజ్‌లో వచ్చిన అంకె కూడా ఉంటుంది. ఖాళీ లిస్టుకి సున్నా ముక్కలు, ఒక ఖాళీ ముక్క కాదు. లేకపోతే ఖాళీ బ్యాచ్ ఒకటి నెట్‌వర్క్ మీదకి వెళ్తుంది. వ్యూలే ఇస్తారు, కెపాసిటీ కత్తిరించి. మెథడ్ కాదు, ఇంపోర్ట్ చేసుకుని పిలిచే విడి ఫంక్షన్. అడగనిదే ఎవరి కోడ్‌లోకీ దూరదు.

పేరు మీద ఒక వారం పోయింది, పోవాల్సిందే. చంక్‌కి మూడు ఇస్తే మూడేసి వస్తువులా, మూడు ముక్కలా? రెయిల్స్‌లో ఈ రెండిటికీ ఇన్_గ్రూప్స్_ఆఫ్, ఇన్_గ్రూప్స్ అని పక్కపక్కన రెండు మెథడ్లు ఉన్నాయి, తేడా ఒక్క ఆఫ్. చివరికి చంక్స్ ఆఫ్ సైజ్ అని పొడుగ్గానే పెట్టారు.

స్ట్రింగ్‌లకి చంక్ ఇవ్వలేదు. "తెలుగు"లో ఆరు కోడ్ పాయింట్లున్నాయి (యూనికోడ్ ఒక్కో గుర్తుకిచ్చే సంఖ్యలు): త, ఎత్వం, ల, ఉత్వం, గ, ఉత్వం. మూడేసి చేస్తే మొదటి ముక్క "తెల", రెండోది హల్లు లేని ఉత్వంతో మొదలవుతుంది. బైట్లు, కోడ్ పాయింట్లు, కంటికి కనిపించే అక్షరాలు అనే మూడింటిలో ఏది లెక్కించాలో పిలిచేవాడే చెప్పాలి, డిఫాల్ట్ పెట్టే ధైర్యం చేయకూడదు.

గ్రూప్ బై మధ్యలో పడింది. పక్కపక్కనున్నవాటినే కలపాలా, మొత్తం లిస్టులోనా అన్నది తేలినా (పైథాన్ ఇటర్‌టూల్స్ గ్రూప్‌బై పక్కపక్కనున్నవాటినే కలుపుతుందని తెలియక దెబ్బతినేవాళ్లకి కొదవలేదు), ఫలితంలో కీల వరుస మీద ఇద్దరికీ కుదరలేదు. దాన్ని కంపాటిబిలిటీ హామీ లేని ప్రయోగ ప్యాకేజీలో పెట్టి రెండు రిలీజులు వదిలేశారు. గో బృందం ఇలాంటి ప్యాకేజీ వల్ల ఎలా లాభపడిందో చూడండి. అక్కడ మ్యాప్‌లోని కీలనిచ్చే మ్యాప్స్ కీస్ ముందు స్లైస్ (గోలో లిస్టు) తిరిగిచ్చేది. 1.21 రిలీజులో దాన్ని చేర్చకుండా ఆపారు. ఇటరేటర్లు (విలువలని ఒక్కొక్కటిగా అందించేవి) వచ్చాక 1.23లో ఇటరేటర్ తిరిగిచ్చేలా చేర్చారు. తొందరపడి 1.21లోనే పెట్టి ఉంటే ఆ మంచి పేరు స్లైస్‌కే అంకితమయ్యేది. ఈ కేసులో, మొదటిసారి కనిపించిన వరుసే కీల వరుస అని వాడుకలో తేలాక గ్రూప్ బై లోపలికి వచ్చింది.

మిగతా మూడూ తిరస్కారమే, ఇన్వర్ట్ సంగతి చివర్లో. ఫస్ట్ ఆర్‌కి లోటే లేదు, మొదటిది అడిగితే ఆప్షన్ వస్తుంది, దానికి డిఫాల్ట్ తగిలించే మెథడ్ ఉంది. ఈజ్ బ్లాంక్ అంటే ట్రిమ్ చేసి (అంచుల ఖాళీలు తీసేసి) ఖాళీయా అని అడగడమే, పట్టికల్లో ఎవరూ తప్పు రాయలేదు. కాకపోతే నో-బ్రేక్ స్పేస్‌ని (లైను అక్కడ విరగకుండా ఆపే ఖాళీని) ట్రిమ్ ఖాళీగా లెక్కిస్తుందా అన్నది డాక్యుమెంటేషన్‌లో లేదని తేలి, అది చేర్చారు. జావాలో ఈజ్ బ్లాంక్ దాన్ని ఖాళీగా లెక్కించదు, పైథాన్‌లో ఈజ్ స్పేస్ లెక్కిస్తుంది, కాబట్టి ఊహకి వదిలే విషయం కాదది.

ఇందులోంచి పట్టుకెళ్లేవి

ఇలాంటి ప్రపోజల్‌ని కట్టగా తీసుకోకండి. ఏడూ ఒకేసారి ఉండటం వల్ల, ఈజ్ బ్లాంక్ మీది చిరాకు క్లాంప్ మీదకీ పాకింది. ఒక్కోదానికి ఒక్కో ఫైలు తెరిచాకే పని కదిలింది.

ఖాళీ ఇన్‌పుట్‌కి జవాబు చివర్లో చూసుకుందాం అనకండి. కోట్లిన్ లాంగ్వేజ్‌లో మ్యాక్స్ ఖాళీ లిస్టుకి నల్ (ఏమీ లేదనే విలువ) ఇచ్చేది. 1.4లో దాన్ని డెప్రికేట్ చేసి మ్యాక్స్ ఆర్ నల్ తెచ్చారు, 1.7లో మ్యాక్స్‌నే మళ్లీ, ఈసారి ఖాళీకి ఎక్సెప్షన్ విసిరేలా తెచ్చారు. ఒక్క చిన్న జవాబు మార్చడానికి మధ్యలో ఆ పేరుని దాదాపు రెండేళ్లు పక్కన పెట్టాల్సొచ్చింది.

ఇన్వర్ట్ మాత్రం మళ్లీ వచ్చింది. మొదటిసారి అది పోయింది ఇద్దరి పట్టికలూ సగం కూడా కలవక: రెండు కీలకి ఒకే విలువ ఉంటే తారుమారు చేశాక ఎవరు మిగలాలి? మొదటిదా, చివరిదా, రెండూ లిస్టుగానా, ఎర్రరా? రెండోసారి వచ్చిన ప్రపోజల్‌లో, "ఢీకొంటే ఏం చేయాలో పిలిచేవాడే ఒక ఫంక్షన్ ఇస్తాడు" అని పారామీటర్ చేర్చారు. బృందం అదే నలభై కాల్ సైట్లనీ ఆ కొత్త రూపంలో తిరగరాసి చూసింది. ఎక్కువ చోట్ల ఢీకొనే ఫంక్షన్ ఒక్కటే మూడు లైన్లు పట్టింది. పాత లూప్ మొత్తం నాలుగు లైన్లు, ఢీకొంటే ఏం జరుగుతుందో దానిలోనే ఇంకా తేటగా కనిపిస్తోంది. తిరగరాసిన నలభైనీ జవాబుకి జతచేసి ప్రపోజల్ మూసేశారు.